చింత వలన రోగమా, రోగము వలన చింతయా?

ధ్యాన భాగములు: 2 దినవృత్తాంతములు 21:12–19, అపొస్తలుల కార్యములు 28:7–10



పేగుల వ్యాధిని గూర్చి బైబిలులో వ్రాయబడిన రెండు సంగతులను ఈ నెల ప్రక్కప్రక్కన పెట్టి చూడగోరుచున్నాను. మొదటిది యూదా రాజైన యెహోరాము సంగతి. అతడు తన సొంత సహోదరులను చంపించి, జనులను తప్పుత్రోవ పట్టించెను. ఏలీయా యొద్దనుండి అతనికి హెచ్చరిక పత్రిక వచ్చెను. ఆ తరువాత రెండేండ్లు పేగుల రోగముతో నలిగి మరణించెను. రెండవది మెలితే ద్వీపములో పొప్లి అనువాని తండ్రి సంగతి. ఓడ బద్దలై ఒడ్డు చేరిన పరదేశులను మూడు దినములు చేర్చుకొని ఆదరించిన కుటుంబమది. అట్టి మంచి కుటుంబపు పెద్దవాడు జ్వరముతోను రక్తభేదితోను మంచము పట్టియుండెను. పౌలు లోపలికి వెళ్లి, ప్రార్థించి, చేతులుంచెను. నీవేమి పాపము చేసితివని పౌలు అతనిని అడిగినట్లు అక్కడ లేదు.

మన పల్లెలలో జనులకు జ్ఞాపకముండునది మొదటి సంగతియే. రోగి కనబడగానే మన మనస్సు యెహోరామును వెదకును. పొప్లి తండ్రిని వెదకదు. ఈ మాట ఇతరులను గూర్చి వ్రాయుట లేదు. నేనును అట్లే చేసితిని గనుక వ్రాయుచున్నాను.

మా సంఘములో ఒక చెల్లెలు కలదు. పాఠశాలలో చిన్న తరగతులకు పాఠములు చెప్పును. ఆమె పేరు వ్రాయను. ఆమె సమ్మతితోనే ఈ సంగతి తెలియజేయుచున్నాను. 2017 వర్షకాలములో ఆమెకు విరేచనములు పట్టుకొనెను. దినమునకు పది పన్నెండు సారులు. జిగట, దానితో రక్తము. ఊరిలో వైద్యము చేయు ఆయన ఇది జిగట విరేచనములని మాత్రలిచ్చెను. తగ్గలేదు. మొలలని మరియొకరు చెప్పగా, మొలలకు మందు వేయువాని యొద్దకు రెండు నెలలు తిరిగిరి. ఎనిమిది నెలలు ఇట్లు గడచిన తరువాత పట్టణములో పెద్ద ఆసుపత్రికి వెళ్లగా, గొట్టము లోపలికి వేసి చూచు కొలనోస్కోపీ పరీక్ష చేసి, పెద్ద పేగు లోపలి పొర అంతయు వాచి పుండ్లు పడియున్నదనియు, దీనికి అల్సరేటివ్ కొలైటిస్ అని పేరనియు చెప్పిరి. మెసలమిన్ అను మాత్రలు వ్రాసిరి. మూడు నెలలలో ఆమె మరల మనిషి ఆయెను. చెంపలు నిండెను. బడికి పోవుచుండెను.

ఆరాధనలో మాత్రము ఆమె ఎప్పుడును ద్వారము ప్రక్కననే కూర్చుండెడిది. ప్రసంగము నడుమ లేచి వెళ్లెడిది. కొందరు స్త్రీలు ఒకరి ముఖమొకరు చూచుకొనెడివారు. ఆ చూపులు నేను ప్రసంగ పీఠము మీదనుండి చూచితిని గాని, ఏమియు అనలేదు.

2019లో శ్రమదినముల కాలమున చింతను గూర్చి ప్రసంగించితిని. ఆరాధన ముగిసిన తరువాత ఆమె నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా పెద్దమ్మ నా రోగమంతా మనసులోనిదే అంటున్నది, నిజమా?" అని అడిగెను. నేను తడుముకొనకుండ, "అవునమ్మా, నీ రోగమునకు వేరు నీ చింతలోనే ఉన్నది. చింత మానుము, రోగము దానంతట అదే పోవును" అంటిని. మంచి మాట చెప్పితినని ఇంటికి వెళ్లి అన్నము తింటిని.

ఆమె నలువది దినములు పగటి ఉపవాసము పట్టెను. మాత్రలు భోజనమైన తరువాత వేసికొనవలసినవి. పగలు భోజనము లేదు గనుక పగటి మాత్ర లేదు. మూడవ వారమునకు ఒంట్లో బాగుగానే ఉన్నదని రాత్రి మాత్రయు మానెను. మట్టలాదివారము నాటికి రక్తము మరల కనబడెను. ఈస్టరు పండుగ ఆమె ఆసుపత్రిలో చేసెను. పదకొండు దినములుండవలసి వచ్చెను, రెండు సీసాల రక్తమెక్కించిరి. ఆమె తండ్రి పాడిగేదెను అమ్మెను.

నేను చూడబోయినప్పుడు ఆమె గోడవైపు తిరిగి పండుకొనియుండెను. కొంతసేపటికి ఇటు తిరిగి, "అయ్యగారూ, నేను చింతపడినందువలన ఈ రోగము వచ్చిందా, రోగము వచ్చినందువలన చింతపడుతున్నానా? ఏది ముందో చెప్పండి. ముందు నా చింతే అయితే, తప్పు నాదే గదా" అనెను.

నా యొద్ద జవాబు లేదు. ఆ ప్రశ్న నన్ను విడువలేదు. అప్పటినుండి నేను చదివినదియు, వైద్యులను అడిగి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట మన భాషను చూడుడి. బిడ్డ పోయిన తల్లికి కడుపుకోత అందుము. ఓర్వలేనివానికి కడుపుమంట అందుము. ఇతరుల బాధ చూడగా కడుపు తరుగుకొని పోయెనందుము. రహస్యము కడుపులో పెట్టుకొందుము. యిర్మీయా ప్రవక్త యుద్ధధ్వని వినినప్పుడు తన కడుపును గూర్చియే మొఱ్ఱపెట్టెను. దుఃఖము కడుపులో తెలియునని మన పెద్దలకును, హెబ్రీయులకును అనుభవమే. పరీక్ష వ్రాయబోవు పిల్లవాడు దొడ్డివైపు పరుగెత్తుట ఎవరు చూడలేదు? మెదడునకును పేగులకును నరముల ద్వారా ఇటునుండి అటు, అటునుండి ఇటు వార్తలు పోవుచునే యుండునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. కాబట్టి మనస్సునకును కడుపునకును సంబంధము లేదని ఎవడును అనజాలడు. అయితే దుఃఖము కడుపులో తెలియుట వేరు, దుఃఖము పేగులో పుండు చేయుట వేరు. ఈ రెంటిని కలిపివేసినది మన పల్లెటూరి వారము మాత్రమే కాదు. గొప్ప వైద్యులును కలిపివేసిరి.

1930లో న్యూయార్కులో మర్రే అను వైద్యుడు ఈ పెద్ద పేగు పుండ్ల వ్యాధి మనోవ్యథలవలన పుట్టునని వ్రాసెను. 1950లో షికాగో పట్టణమున ఫ్రాంజ్ అలెగ్జాండర్ అను మానసిక వైద్యుడు, మనస్సులోని సంఘర్షణలు ముఖ్య పాత్ర వహించు ఏడు శరీర రోగములను గూర్చి గ్రంథము వ్రాసి, వాటిలో దీనిని చేర్చెను. తరువాత అనేక సంవత్సరములు రోగులను పట్టుకొని, నీకు తల్లిమీద కోపమా, నీవు పిరికివాడవా అని ప్రశ్నించినవారు కలరు. విశ్వాసులమని చెప్పుకొను మనము పాపము అన్నచోట ఆ విద్వాంసులు మనస్తత్వము అనిరి. రోగి మాత్రము రెండు చోట్లను బోనులోనే నిలువబడెను.

అదే కాలములో మరియొక పని జరిగెను. 1955లో ఇంగ్లండులో ట్రూలవ్, విట్స్ అను ఇద్దరు వైద్యులు ఈ వ్యాధితో బాధపడుచున్న 210 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు కార్టిజోన్ అను మందును, రెండవ గుంపునకు మందువలె కనబడు ఉత్త మాత్రలను ఇచ్చి చూచిరి. ఆరు వారములకు మందు పుచ్చుకొన్నవారిలో పదిమందికి నలుగురు చొప్పున నెమ్మదించిరి. రెండవ గుంపులో పదిమందికి ఒకరిద్దరే. రెండు గుంపులవారికిని చింతలు ఉండియే యుండును గదా! వారి చింతను ఎవరును తీసివేయలేదు. మందు వాపును తీసివేసెను. (ఆ జాతి మందులను ఎక్కువ కాలము వాడినయెడల ఎముకలు గుల్లబారుట మొదలైన కీడులు కలుగునని తరువాత తెలిసినది. అందుచేత వాటిని వైద్యుని చేతిక్రిందనే వాడి, క్రమముగా తగ్గించి మానవలెను.)

1990లో అమెరికా వైద్యులు కొందరు, మనోవ్యాధివలన ఈ రోగము కలుగునని అదివరకు వ్రాసిన వ్యాసములన్నిటిని తెచ్చి జల్లించి చూచిరి. వాటిలో ఎక్కువ భాగము పద్ధతి లేక వ్రాసినవని తేలెను. పద్ధతిగా చేసినవాటిలో ఆ సంబంధము కనబడలేదు.

మరి ఈ రోగమేమి? దీనిలో రెండు ముఖ్యమైన రకములు కలవు. పెద్ద పేగునకు మాత్రమే వచ్చునది మన చెల్లెలికి వచ్చిన కొలైటిస్. నోరు మొదలుకొని ఆసనము వరకు ఎక్కడనైనను రాగలది క్రోన్స్ వ్యాధి. 1932లో దానిని వివరించిన వైద్యులలో ఒకని పేరది. మన దేశములో పేగులకు వచ్చు క్షయ అచ్చముగా దీనివలెనే కనబడును గనుక, వైద్యులు సహితము జాగ్రత్తగా పరీక్షించి గాని చెప్పజాలరు. శత్రువులతో పోరాడుటకు దేవుడు మన దేహములో ఉంచిన కావలిబలము దారి తప్పి, తన సొంత పేగునే శత్రువని ఎంచి దానిమీద పడుటయే ఈ వ్యాధి. వంశములో వచ్చు గుణము కొంత, పేగులలో నివసించు సూక్ష్మజీవులలో మార్పు కొంత, మారిన తిండి, జీవన విధానము కొంత దీనికి కారణములని యెంచుచున్నారు. ఇది అంటురోగము కాదు. ఒకమారు నెమ్మదించును, ఒకమారు తిరుగబెట్టును. పట్నవాసుల రోగమని మునుపు అనుకొనెడివారు. హైదరాబాదు వైద్యులు తెలంగాణ పల్లెలు తిరిగి చూచి, పల్లెవాసులలోను ఉన్నదని 2023లో తెలియజేసిరి.

ఇక ఆ చెల్లెలి ప్రశ్న. ఏది ముందు? రోగమును పుట్టించినది చింత కాదని నేను ఇప్పుడు చెప్పగలను. అయితే రోగము చింతను పుట్టించుట మాత్రము కంటికి కనబడుచున్నది. 2021లో అనేక దేశముల లెక్కలు కూర్చి చూడగా, ఈ రోగులలో సుమారు మూడవ వంతు మందికి ఆందోళన లక్షణములును, నాల్గవ వంతు మందికి దిగులు లక్షణములును ఉన్నట్టు తేలెను. ఇందులో ఆశ్చర్యమేమి? బస్సెక్కవలెనన్న భయము. పెండ్లికి పిలిచినను భయము. రాత్రి మూడు సారులు లేచినవాడు పగలు ఎట్లు నవ్వును? పుట్టిన చింత మరల కడుపును కలతపెట్టును. కఠినమైన మనోవేదన కలిగినప్పుడు కొందరికి రోగము తిరుగబెట్టుటయు కలదు. చింతను నిప్పు అంటిని, పొరపాటు. నిప్పు వేరొకచోటనుండి వచ్చెను, చింత గాలివంటిది. గాలి నిప్పును రేపును. ఇల్లు కాలిన వానిని పట్టుకొని, గాలి నీదే అని తిట్టువాడు ఎట్టివాడు?

కాబట్టి మనస్సునకు నెమ్మది కలిగించు పనులు వ్యర్థములా? కావు. ఇక్కడ నిదానముగా చూడవలెను; ఎందుకనగా మందు మాత్రమే చాలును, తక్కినవన్నియు వట్టివి అనుటయు నేను మొదట చెప్పిన మాట వంటి తొందరపాటే.

జర్మనీ దేశములో ఈ వ్యాధి నెమ్మదించియున్న 77 మందిని తీసికొని, కొందరికి వారమునకొకసారి గంటన్నర చొప్పున పండ్రెండు వారములు యోగాసనములును, శ్వాస నిదానించుటయు నేర్పిరి. తక్కినవారికి వ్రాతపూర్వకమైన సలహాలిచ్చిరి. 2017లో ప్రచురించిన ఫలితములలో, యోగము నేర్చినవారు తమ బ్రదుకు మెరుగైనదని ఎక్కువగా చెప్పిరి. వారిలో ఎవరును దానికొరకు మందులు పారవేయలేదని గమనించుడి. మనస్సు విప్పి మాటలాడించు చికిత్సవలన ఆందోళన, దిగులు కొంత తగ్గి బ్రదుకు తేలికపడుచున్నది. పుండును మాన్పునని మాత్రము రుజువు కాలేదు. యోగమనగానే మనలో కొందరి మనస్సాక్షి అభ్యంతరపడును. అట్టివారిని బలవంతపెట్టను, ఎగతాళి చేయను. సాయంకాలము చేను గట్టు మీద నడచుట, కన్నులు మూసికొని మెల్లగా ఊపిరి తీసి విడుచుట, నలుగురితో కలిసి కీర్తన పాడుట ఎవరి మనస్సాక్షిని గాయపరచును?

పసుపు సంగతి అందరును అడుగుదురు. జపానులో 89 మంది రోగులకు, వారు వాడుచున్న మాత్రలతోబాటు, కొందరికి పసుపులోని సారమును దినమునకు రెండు గ్రాముల చొప్పున ఆరు నెలలు ఇచ్చిరి. 2006లో వెల్లడించిన లెక్క ప్రకారము, సారము పుచ్చుకొన్న 43 మందిలో ఇద్దరికి, పుచ్చుకొనని 39 మందిలో ఎనిమిది మందికి రోగము తిరుగబెట్టెను. మంచి వార్తయే. అయితే వంటింటి పసుపులో ఆ సారము నూటికి కొద్ది పాళ్లు మాత్రమే యుండును. మరియు అది మాత్రలతోబాటు ఇచ్చినదే గాని మాత్రలకు బదులుగా కాదు. ఈ "తోబాటు" అను మాట దగ్గరనే మన వ్యవహారమంతయు ఉన్నది. తోబాటు వచ్చునది స్నేహితుడు. బదులుగా వచ్చి కూర్చుండునది ఎంత మంచి పేరు పెట్టుకొన్నను దొంగయే. నెమ్మదించియున్న రోగులలో మెసలమిన్ మాత్రలు సరిగా వేసికొననివారికి రోగము తిరుగబెట్టు అపాయము ఐదంతలకు మించి యున్నదని 2003లో అమెరికాలో లెక్క తేలెను. మన చెల్లెలు చేసినదదే, చేయించినవాడను నేను.

ఊరూరు తిరుగు మందులవారి పొట్లములను గూర్చి ఒక్కమాట. లోపల ఏమున్నదో వ్రాయని పొడులలో సీసము, పాదరసము వంటి విషములు ఉన్నట్టు పరీక్షలలో పలుమారు బయటపడెను. కీళ్లనొప్పికి అంగడిలో కొను కొన్ని మాత్రలు సహితము ఈ రోగుల పేగును రేపవచ్చును. ఏది వాడినను వైద్యునికి దాచవద్దు. విరేచనములలో రక్తము వారముల తరబడి కనబడినను, మనిషి చిక్కిపోవుచున్నను, రాత్రి నిద్రలోనుండి విరేచనమునకు లేవవలసి వచ్చుచున్నను, అది బెదురువలన వచ్చిన కడుపు కలత అని సరిపెట్టుకొనక పరీక్ష చేయించుకొనవలెను.

ప్రార్థన మాట ఏమని మీరు అడుగుదురు. ప్రార్థనను కూడ ఒక మాత్రగా లెక్కించి, ఎంత పాలు గుణమిచ్చెనని తూచుట నాకు ఇష్టము లేదు. అది తండ్రితో మాటలాడుట. అయితే ప్రార్థన చేయువాడు మందు ముట్టరాదను వాడు బైబిలును సగమే చదివెనని చెప్పగలను. హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించెను, ఆయుష్షు పొడిగింపబడునను వాగ్దానము పొందెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. చేతులుంచి పొప్లి తండ్రిని బాగుచేసిన పౌలే, తిమోతి కడుపు జబ్బునకు విశ్వాసము చాలలేదని గద్దించక, ఆ కాలమునకు తెలిసిన కడుపు మందును చెప్పెను. ఏలీయా బదరీవృక్షము క్రింద చావుకోరి పడియున్నప్పుడు దేవదూత మొదట ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్లు తెచ్చిపెట్టి తినుమనెను, మరల నిద్రపోనిచ్చెను. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చుండిరి. వారు చేసిన మేలంతయు ఆ ఏడు దినములలోనే జరిగినదని నా అభిప్రాయము.

పండ్రెండేండ్లు రక్తస్రావముతో నున్న స్త్రీ గుంపులో వెనుకనుండి వచ్చెను. ఎందుకు వెనుకనుండి? సిగ్గు. ఈ రోగమునకును అదే సిగ్గు. గుండెజబ్బును గూర్చి నలుగురిలో చెప్పుకొందురు. విరేచనములను గూర్చి ఎవరు చెప్పుకొందురు? ప్రభువు ఆమెను గుంపులో నిలువబెట్టి కుమారీ అని పిలిచెను. ఆమె విశ్వాసమును మెచ్చుకొని సమాధానముతో పంపెను. ఇన్నేండ్లు ఏమి చింతపడితివని అడుగలేదు.

ఆసుపత్రినుండి వచ్చిన నెలకు నేను ఆ చెల్లెలి ఇంటికి వెళ్లి, ఆమె తల్లిదండ్రుల యెదుట నా తప్పు ఒప్పుకొంటిని. తండ్రి ఏమియు అనలేదు. ఖాళీ పశువుల కొట్టమువైపు చూచెను. ఆమె మాత్రము, "మీరు చెప్పినదే నాకు వినాలని ఉండె అయ్యగారూ. మాత్రలు జీవితాంతమంటే భయమేసింది. చింత మానితే చాలంటే సులువనిపించింది" అనెను. సులువుగా ఉండెనట! చింత మానుట ఎంత కష్టమో ఆమెకు తెలియదా, నాకు తెలియదా?

ఇప్పుడు ఆమె మాత్రలు క్రమముగా వేసికొనుచున్నది. సాయంకాలము మా ఇంటావిడతో కలిసి చెరువు గట్టు వరకు నడచును. శ్రమదినములలో ఆమె ఉపవాసము చేయదు. చేయమని ఎవరును అడుగరాదని పెద్దల సమావేశములో తీర్మానించితిమి. ఆమెకు పరిచయమైన ఇద్దరు రోగులు పొరుగు ఊళ్లనుండి వచ్చి ఒకరితో ఒకరు మాటలాడుకొనుచున్నారు. ఆ మాటలలో నన్ను కూర్చుండనియ్యరు, అది న్యాయమే.

మా ప్రార్థనాలయమునకు అరువది ఏండ్లుగా మరుగుదొడ్డి లేదు. ఆమె ద్వారము ప్రక్కన కూర్చుండుట భక్తి తక్కువై కాదు, మా ఇంటి దొడ్డి వరకు పరుగెత్తుటకని నాకు ఆలస్యముగా తెలిసినది. గత కోత పండుగ కానుకలలో కొంత తీసి వెనుకవైపు ఒకటి కట్టించితిమి. నీళ్ల తొట్టియు, దీపమును అమర్చితిమి. తలుపునకు లోపలి గడియ ఇంకను పెట్టలేదు. వడ్రంగి మంగళవారము వచ్చెదనని చెప్పియున్నాడు.